మూడు నిమిషాల్లో మీ పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారు తమ పరిశోధనను మూడు నిమిషాల పోటీలోనో సభలోనో సామాన్య శ్రోతల ముందు క్లుప్తంగా చెప్పవలసి వచ్చినప్పుడు అడిగే సందేహాలు ఏటా ఇంచుమించు అవే. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు వాటిని ఒకచోట చేర్చాం. దేనికి దానికే జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఈ మూడు నిమిషాల పోటీ ఎక్కడ పుట్టింది? దాని నియమాలేమిటి?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో దీన్ని ప్రారంభించింది. అప్పట్లో ఆ రాష్ట్రంలో తీవ్రమైన కరవు ఉండేది. నీటిని పొదుపు చేయడానికి ప్రజలు మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకొని స్నానం ముగించేవారు. పరిశోధనను కూడా అంత వ్యవధిలోనే చెప్పించవచ్చునన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు అనేక దేశాల విశ్వవిద్యాలయాలు దీన్ని నిర్వహిస్తున్నాయి. ముఖ్యమైన నియమాలు కొన్నే: కదలికలు లేని ఒకే ఒక స్లైడు చూపించవచ్చు, శబ్దాలు, వీడియోలు, వస్తువులు, ప్రత్యేక వేషాలు కుదరవు, ప్రసంగం మాటల్లోనే సాగాలి కాని పాటగానో పద్యంగానో ఉండకూడదు, మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి తొలగిస్తారు. మన కళాశాలల్లో జరిగే కార్యక్రమాల్లో ఈ నియమాలను కొంత సడలించవచ్చు కనుక నిర్వాహకులు ఇచ్చిన కాగితాన్ని ముందుగా పూర్తిగా చదువుకోవాలి.

నేనింకా రెండో సంవత్సరంలోనే ఉన్నాను, ఫలితాలేవీ రాలేదు. నేను మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. శ్రోతలకు కావలసింది మీరు దేని కోసం వెతుకుతున్నారు, ఎందుకు వెతుకుతున్నారు, ఎలా వెతుకుతున్నారు అన్నదే. ఫలితం చేతికి రాకపోతే రాలేదనే చెప్పండి. ఏ ఫలితం వస్తే ఏమి అర్థమవుతుందో వివరించండి. రాని ఫలితాన్ని వచ్చినట్లు ధ్వనించే వాక్యాలు మాత్రం రాయకండి. అయితే అంశమే ఇంకా ఖరారు కాని మొదటి నెలల్లో వేదిక ఎక్కడం తొందరపాటు అవుతుంది.

ఆర్.ఏ.సీ. (పరిశోధన సలహా సంఘం) ముందు ఇచ్చే ప్రజెంటేషన్‌నే కుదించి చెబితే సరిపోదా?

సరిపోదు. ఈ ప్రయత్నం చేసినవారిలో ఎక్కువమంది ప్రసంగం తేలిపోవడం చూశాం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ సలహా సంఘం ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. అక్కడ కూర్చున్నవారికి విషయం ముందే తెలుసు. వారు చూసేది పద్ధతిలో లోపాలు ఉన్నాయా, పని సకాలంలో సాగుతోందా అని. సామాన్య శ్రోతకు ఆ సమస్య ఒకటుందన్న సంగతే తెలియదు. కనుక పాత స్లైడ్లను పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద కొత్తగా రాసుకోవడమే తేలిక.

గైడు గారికి చెప్పకుండా పేరు ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. మర్యాద ఒక కారణమైతే, ఇంకా ప్రచురణ కాని ఫలితాల్లో గైడుకూ, మీతోపాటు పనిచేసినవారికీ భాగం ఉండటం మరో కారణం. పేటెంటుకు అవకాశమున్న పని అయితే మరింత జాగ్రత్త పడాలి. దరఖాస్తు వేయకముందే కీలకమైన వివరాన్ని బహిరంగ వేదికపై చెప్పేస్తే కొత్తదనం పోయిందన్న అభ్యంతరం తరువాత ఎదురుకావచ్చు. ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్నది గైడుతో కూర్చొని ముందే తేల్చుకోండి.

తెలుగులో చెబితే చిన్నచూపు చూస్తారేమో?

ఆ భయం ఇక్కడివారిలో చాలా బలంగా ఉంది, దానికి తగిన ఆధారం మాత్రం కనిపించదు. కెనడాలోని క్యూబెక్ ప్రాంతంవారు 2012లో ఇదే పోటీని ఫ్రెంచి భాషలో, 180 సెకన్ల పేరుతో మొదలుపెట్టారు. తరువాత ఫ్రాన్స్‌తో సహా మరికొన్ని దేశాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. శ్రోతలు ఎచ్చెర్ల, చీపురుపల్లి, గరివిడి పరిసరాల నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థులూ విశ్రాంత ఉపాధ్యాయులూ రైతులూ అయినప్పుడు ఇంగ్లిషులో చెప్పిన ప్రసంగం సగం మందిని దాటిపోతుంది. పోటీ నియమమే ఇంగ్లిషు అయితే వేరు. అప్పుడు కూడా మొదట తెలుగులో ఆలోచించి, తెలుగులో ఎవరికైనా చెప్పి, ఆ క్రమాన్నే ఇంగ్లిషులోకి తెచ్చుకుంటే ప్రసంగం తేటగా వస్తుంది.

## ప్రసంగం రాసుకునేటప్పుడు

నాలుగేళ్ల పనిని మూడు నిమిషాల్లో ఎలా చెప్పాలి? ఏది వదిలేయాలి?

పనినంతా చెప్పాలనుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. సిద్ధాంత గ్రంథంలో ఆరు అధ్యాయాలు ఉంటే ఆరింటికీ అర నిమిషం చొప్పున పంచేవారు చాలామంది ఉన్నారు. అప్పుడు ఒక్క అధ్యాయమూ శ్రోతకు అందదు. గ్రంథం మొత్తంలో మీకు బాగా ఇష్టమైన ప్రశ్న ఒకటి ఎంచుకోండి. దాన్ని అర్థం చేసుకోవడానికి తప్పనిసరి అయినవే ఉంచి, మిగతావి ఎంత కష్టపడి సంపాదించినవైనా తీసేయండి. పూర్వ పరిశోధనల సమీక్ష, ఉపయోగించిన సాఫ్ట్‌వేర్ పేర్లు, నమూనాల సేకరణ తేదీలు, ప్రచురించిన వ్యాసాల జాబితా, కృతజ్ఞతలు మొట్టమొదట పోవలసినవి.

ఉదాహరణకు జీడిపిక్క పెంకు నూనె మీద పనిచేసే రసాయనశాస్త్ర విద్యార్థిని ఒకరు ఉన్నారనుకుందాం. అలవాటు ప్రకారం ఆమె ప్రసంగం ఇలా మొదలవుతుంది: "అనకార్డిక్ ఆమ్లాన్ని డీకార్బాక్సిలేషన్ ద్వారా కార్డనాల్‌గా మార్చి, దాని నుంచి రెజిన్లను సంశ్లేషించి, వాటి ఉష్ణ స్థిరత్వాన్ని అధ్యయనం చేయడం ఈ పరిశోధన ముఖ్యోద్దేశం." ఇందులో తప్పేమీ లేదు, కాని వినేవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: "పలాసలో జీడిపిక్కలు వలిచే ఆడవారి వేళ్లు నల్లబడి, ఒక్కోసారి చర్మం పొక్కిపోతుంది. అలా చేసేది పిక్క పెంకులో దాగిన నూనె. చేతిని కాల్చే ఆ నూనె నుంచే వాహనాల బ్రేకుల్లో వాడే పదార్థాలూ కొన్ని రకాల రంగులూ తయారవుతాయి. అదే నూనెతో ఎక్కువ వేడికి కూడా పట్టు వదలని జిగురు చేయవచ్చా అన్నది నా ప్రశ్న." ఇక్కడ డీకార్బాక్సిలేషన్ అన్న మాట పోయింది, వేడి చేసినప్పుడు నూనె స్వభావం మారుతుందన్న సంగతి తరువాతి వాక్యంలో వస్తే చాలు. జీడి పరిశ్రమను కళ్లారా చూసిన శ్రోతలు ఆ నల్లబడ్డ వేళ్ల దగ్గరే ఆమెతో కలిసి నడవడం మొదలుపెడతారు.

ఒక హెచ్చరిక. ఆ మహిళల కష్టాన్ని మొదట చెప్పి, మీ పరిశోధన ఆ కష్టాన్ని తీర్చదంటే, ఆ సంగతి దాచకూడదు. పై ఉదాహరణలో జిగురు తయారైనంత మాత్రాన వేళ్లు కాలడం ఆగదు. కష్టాన్ని ఆకర్షణగా మాత్రమే వాడుకొని వదిలేస్తే శ్రోతల్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, అడగడం న్యాయం కూడా.

సాంకేతిక పదాలను పూర్తిగా తీసేయాలా?

అక్కర్లేదు. ప్రసంగానికి ప్రాణమైన పదం ఒకటి, మహా అయితే రెండు ఉంచుకొని, మొదటిసారి పలికినప్పుడే దాని పని ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. వాడుకలో లేని సంస్కృత సమాసాన్ని తెచ్చిపెట్టడం కంటే జనానికి చెవిన పడి ఉన్న బ్యాక్టీరియా, ప్రోటీన్, సెన్సర్ వంటి మాటలను అలాగే వాడటం మేలు.

పోలికలు ఎన్ని వాడవచ్చు?

ఒకటి చాలు, అదీ చివరిదాకా నిలబడేదైతేనే. కణాన్ని మొదట ఇల్లు అని, తరువాత కర్మాగారమని, ఆపైన సైన్యమని చెబితే శ్రోత మూడు బొమ్మల మధ్య చిక్కుకుపోతాడు. పోలిక ఎక్కడ చెల్లదో మీకు తెలిసి ఉండాలి. అక్కడికి చేరేలోపే దాన్ని వదిలేయాలి.

అంకెలు ఎక్కువగా చెబితే నమ్మకం కలుగుతుంది కదా?

విన్న అంకె మనసులో నిలవదు. రెండు అంకెలకు మించి చెప్పకండి, వాటిని కూడా పోల్చి చెప్పండి. "పీ విలువ 0.05 కన్నా తక్కువ" అన్న మాట సామాన్య సభలో ఎవరికీ పనికిరాదు. "ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చా అని పరీక్షించి చూశాం" అంటే అర్థమవుతుంది.

నాది శుద్ధ గణితం. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఏం చెప్పమంటారు?

ఉపయోగాన్ని కల్పించకండి. గణితంలో జనాన్ని కూర్చోబెట్టేది చిక్కుముడి. గ్రాఫ్ సిద్ధాంతం చేస్తున్నవారైతే పటానికి రంగులు వేయడంతో మొదలుపెట్టవచ్చు. సరిహద్దు పంచుకునే రెండు ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునా అన్న ప్రశ్న 1852లో పుట్టింది. చాలునని 1976లో, అదీ కంప్యూటరు సాయంతో, నిరూపించారు. 2022లో పార్వతీపురం మన్యంతో సహా కొత్త జిల్లాలు వచ్చి రాష్ట్ర పటం మారిపోయినా నాలుగు రంగులకు మించి అవసరం పడదని చెప్పి, చూడటానికి ఇంత తేలికైన మాటను నిరూపించడానికి వందేళ్లకు పైగా ఎందుకు పట్టిందన్న ప్రశ్న వేసి, అక్కడి నుంచి మీ సమస్యలోకి రండి. నిరూపణ మొత్తం చెప్పనవసరం లేదు, అడ్డు ఎక్కడ తగులుతోందో చూపిస్తే చాలు.

నాది తప్పెటగుళ్ల మీద పరిశోధన. పాట పాడకుండా ఎలా చెప్పడం?

పాటలు కూడదన్న నియమం ఉన్నచోట ఒక చరణాన్ని మాటగా చదివి వినిపించవచ్చునేమో నిర్వాహకులను ముందే అడగండి. నిజానికి ఈ ఆంక్ష మీకు మేలే చేస్తుంది. గుండెకు రేకు తప్పెట కట్టుకొని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆ కళాకారుల్ని చూడనివారు ఈ ప్రాంతంలో తక్కువ. పాట అందుకోగానే సభ ఆనందిస్తుంది, మీ పరిశోధన మాత్రం వెనక్కి పోతుంది. మీరు వర్ణించవలసింది కళను కాదు, ఆ కళ గురించి మీరు అడిగిన ప్రశ్నను: బృందాలు తరువాతి తరానికి పాటలు ఎలా అందిస్తున్నాయి, ఏ పాటలు రాలిపోతున్నాయి, ఎందుకు. సాహిత్యం, చరిత్ర, జానపదం చేసేవారందరికీ ఇదే వర్తిస్తుంది. "ఇందులో పరిశోధన ఏముంది?" అన్న పెదవి విరుపుకు ప్రశ్న స్పష్టంగా ఉండటమే సమాధానం.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేస్తున్నాను. సభలో రోగుల బంధువులు ఉంటారు. ఎలా మాట్లాడాలి?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు వల్ల నష్టపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక, మీ ఎదుట ఎవరు కూర్చున్నా అందులో డయాలసిస్ చేయించుకుంటున్నవారి మనిషి ఒకరు ఉన్నారనుకొనే రాయాలి. ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. నీరు, మట్టి, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో కోణాల్లో పరిశీలన సాగుతోంది. మీరు చూస్తున్నది అందులో ఒక్క కోణమే అయినప్పుడు "కారణం కనుగొన్నాం" అన్న మాట నోట రాకూడదు. అలాంటి ఒక్క వాక్యం ఊళ్లోకి వెళ్లిందంటే మరునాటికి ఫలానా బావి నీళ్లు తాగవద్దని పుకారు పుడుతుంది, లేదా వాడుతున్న మందు ఎవరో మానేస్తారు.

మాటల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. "కేసులు" అనకుండా "జబ్బుపడినవారు" అనండి. గ్రామం పేరు చెప్పి శాతాలు చెప్పకండి. ఆ ఊరి పిల్లల పెళ్లి సంబంధాల మీద కూడా దాని ప్రభావం పడుతుంది. రోగి ఫొటో, ముఖం మసకబార్చినదైనా సరే, స్లైడు మీద పెట్టవద్దు. చిన్న ఊళ్లలో కూర్చున్న తీరును బట్టే మనిషిని గుర్తుపడతారు. ఎథిక్స్ కమిటీ అనుమతి మీ అధ్యయనానికి ఇచ్చినదే కాని, సభలో ప్రదర్శనకు ఇచ్చినది కాదని గుర్తుంచుకోండి. ప్రసంగం తరువాత ఎవరైనా రిపోర్టులు తెచ్చి చూపిస్తే, మీరు వైద్యులు కానట్లయితే, సలహా ఇవ్వకుండా వైద్యుల దగ్గరకే పంపండి.

## స్లైడు తయారుచేసేటప్పుడు

ఒకే స్లైడు అంటున్నారు. అందులో అన్నీ ఎలా ఇరికించాలి?

ఇరికించకండి. ఒక బొమ్మ, దాని కింద నాలుగైదు మాటలు చాలు. పొందూరు ఖాదీ మీద పనిచేసేవారు తరచుగా అడిగేది, పత్తిని దువ్వే వాలుగ చేప దవడను వేదిక మీదికి తీసుకెళ్లి చూపించవచ్చా అని. వస్తువులు కూడవన్న నియమం ఉంటే కుదరదు. కాని ఆ దవడ ఎముకను దగ్గర నుంచి, దాని సన్నటి పళ్ల వరుస మధ్య పత్తి పోగులు చిక్కి ఉన్నప్పుడు ఫొటో తీసి స్లైడంతా నింపితే, చేతిలో పట్టుకొని చూపినదానికంటే వెనుక వరుసలోనివారికి బాగా కనిపిస్తుంది. పట్టికలు, విశ్వవిద్యాలయ చిహ్నాలు, "ధన్యవాదాలు" అన్న పెద్ద అక్షరాలు వద్దు.

మా ఇంట్లో బాగానే కనిపించిన తెలుగు అక్షరాలు హాల్లో కంప్యూటరులో పిచ్చిగీతలుగా ఎందుకు వస్తాయి?

మీరు అను వంటి యూనికోడ్ కాని ఫాంటులో టైపు చేసి ఉంటారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు అర్థం లేని గుర్తులుగా మారిపోతాయి. యూనికోడ్‌లో టైపు చేసినా, ఒత్తులు చెదిరే ప్రమాదం పాత సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. స్లైడును పీడీఎఫ్‌గానూ, బొమ్మగానూ కూడా సేవ్ చేసి, రెండింటినీ పెన్‌డ్రైవులో వేసుకొని, మీ ఈ-మెయిలుకు కూడా పంపుకోండి. వీలైతే ముందురోజే హాల్లో ఒకసారి తెరిచి చూడండి.

## సాధన చేసేటప్పుడు

మూడు నిమిషాలకు ఎన్ని పదాలు రాసుకోవాలి?

ఇంగ్లిషులో సుమారు 400 పదాలని చెబుతారు. తెలుగులో ఒక్కో పదం పొడవు కనుక ఆ లెక్క పనికిరాదు. ఫోనులో గడియారం పెట్టుకొని, నిలబడి, గట్టిగా చదివి చూసుకోవడమే మార్గం. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే చూపిస్తుంది. ఇంట్లో రెండు నిమిషాల నలభై సెకన్లకు ముగిసేలా చూసుకోండి, సభలో శ్రోతలు నవ్వినా, మీరు ఊపిరి తీసుకున్నా కొంత జాగా ఉంటుంది. ఎక్కువ వస్తే వేగం పెంచకండి, ఒక వాక్యం తీసేయండి.

బట్టీ పట్టాలా?

మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం అక్షరం పొల్లుపోకుండా రావాలి. మధ్యభాగంలో క్రమం గుర్తుంటే చాలు. మొత్తం బట్టీ పట్టినవారు ఒక్క మాట తప్పిపోగానే మళ్లీ మొదటికి వెళ్లవలసి వస్తుంది.

ఎవరి ముందు చెప్పి చూసుకోవాలి?

ల్యాబులోని స్నేహితుల ముందు మాత్రం కాదు, వాళ్లకు మీరు చెప్పనిది కూడా అర్థమైపోతుంది. మీ సబ్జెక్టుతో సంబంధం లేని ఒకరికి చెప్పి, బాగుందా అని అడగకుండా, ఏం అర్థమైందో తిరిగి చెప్పమనండి. ఇంట్లో అమ్మకో, హాస్టలు వార్డెను గారికో చెప్పినా మంచిదే. వారు తిరిగి చెప్పినదాంట్లో మీ ప్రశ్న లేకపోతే ప్రసంగంలో కూడా అది లేదన్నమాట.

నా మాటలో శ్రీకాకుళం యాస వస్తుంది. మార్చుకోవాలా?

అవసరం లేదు. మాట స్పష్టంగా వినబడితే యాస ఎవరికీ అడ్డం కాదు. దాన్ని దాచడానికి పడే తంటా మాత్రం గొంతులో తెలిసిపోతుంది. గ్రాంథికంలో రాసుకొని అప్పజెప్పడం అంతకంటే ఇబ్బంది. పుస్తకాల్లోకి వాడుక భాష రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టిన ఊరు పర్వతాలపేట ఈ జిల్లాలోనే ఉంది, ఇక ఇక్కడివారికి వేరే సమర్థన ఎందుకు?

## వేదిక మీద

మధ్యలో మరిచిపోతే ఏం చేయాలి?

ఆగండి. మీకు చాలా సేపు అనిపించే ఆ విరామం శ్రోతలకు రెండు మూడు సెకన్లే. స్లైడు వైపు ఒకసారి చూసి, గుర్తున్న తరువాతి విషయం నుంచి సాగించండి. క్షమాపణలు చెప్పడం మొదలుపెడితే సమయం అక్కడే పోతుంది.

మైకు గురించి ఏమైనా చూసుకోవాలా?

మీకంటే ముందు మాట్లాడినవారి ఎత్తుకు అమర్చి ఉంటుంది కనుక, మాట మొదలుపెట్టకముందే దాన్ని సరిచేసుకోండి. మాట వల్ల గాని కదలిక వల్ల గాని ప్రసంగం ప్రారంభమైనట్లు లెక్కించే పోటీలున్నాయి. సర్దుకునే సమయం లెక్కలోకి వస్తుందేమో ముందే అడిగి తెలుసుకోండి. "వేదికనలంకరించిన పెద్దలకు" అన్న సంబోధనల వరుసకు అర నిమిషం పోతుంది. అందరికీ కలిపి ఒక్క నమస్కారం చాలు.

న్యాయనిర్ణేతలు ఏం చూస్తారు?

క్వీన్స్‌లాండ్ పద్ధతిలో రెండే అంశాలు: విషయం శ్రోతకు అర్థమైందా, శ్రోతను పట్టి ఉంచగలిగారా. పరిశోధనను మరీ తేలిక చేసి చెప్పారా అన్నది కూడా రెండో అంశంలో భాగమే. నవ్వించడానికి ఎక్కువ ప్రయత్నించినవారు సాధారణంగా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

"దీనివల్ల మాకేం లాభం?" అని ఎవరైనా అడిగితే?

పోటీలో ప్రశ్నలు ఉండకపోవచ్చు గాని, కళాశాల సభల్లోనూ గ్రామ సభల్లోనూ ఇదే మొదటి ప్రశ్న. నొచ్చుకోకండి. లాభం దగ్గరలో ఉంటే అది ఎవరికి, ఏ మేరకు అన్నది చెప్పండి. లేకపోతే, ఇప్పటికిప్పుడు లేదని ఒప్పుకొని, ఈ సంగతి తెలిస్తే తరువాత ఏ పని సాధ్యమవుతుందో చెప్పండి. తుపాను హెచ్చరికల మీద పనిచేసేవారికి ఈ ప్రశ్న కష్టం కాదు: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవారికి ఒక పూట ముందు తెలియడం విలువ వేరే వివరించనక్కర్లేదు. దీని వెంటనే వచ్చే రెండో ప్రశ్న, "ఉద్యోగం ఎప్పుడు?" అన్నది, నవ్వి ఊరుకోవలసినది.

## ముగిసిన తరువాత

విలేకరి అడిగితే మాట్లాడవచ్చా? పేపర్లో తప్పుగా వస్తే?

మాట్లాడవచ్చు. ముందుగానే అర పేజీలో మీ పేరు, విభాగం, పరిశోధన ప్రశ్న, ఇంతవరకు తేలినది, ఇంకా తేలనిది తెలుగులో రాసి పెట్టుకొని ఆ కాగితం చేతికివ్వండి. హడావుడిలో నోటితో చెప్పినది తారుమారవుతుంది, రాసిచ్చినది చాలావరకు అలాగే అచ్చవుతుంది. తప్పు వస్తే గైడు గారికి చెప్పి, ఆ రోజే మర్యాదగా సవరణ కోరండి. ఆరోగ్యానికో తాగునీటికో సంబంధించిన తప్పు అయితే సవరణ కోరి ఊరుకోకుండా, సభ జరిగిన ఊళ్లో తెలిసినవారికి ఫోను చేసి సరైన మాట చెప్పండి.

ఈ ప్రసంగాన్ని ఇంకెక్కడైనా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ 2018లో 'అవసర్' పేరుతో పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధన మీద జనానికి అర్థమయ్యే వ్యాసాలు రాసే పోటీ ప్రారంభించింది. అటువంటి ప్రకటన వెలువడినప్పుడు మూడు నిమిషాల ప్రసంగమే వ్యాసానికి మంచి చిత్తుప్రతి అవుతుంది. సిద్ధాంత గ్రంథం ఉపోద్ఘాతంలో మొదటి పేజీకి, ఉద్యోగ ఇంటర్వ్యూలో "మీ పని గురించి చెప్పండి" అన్నప్పుడు, బహిరంగ వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి నిమిషానికి కూడా ఇదే పనికొస్తుంది. ఫలితాలు మారినప్పుడల్లా ప్రసంగంలోని ఆ వాక్యాన్ని కూడా మార్చుకొని, పాత ప్రతిని తేదీ వేసి పక్కన ఉంచుకోండి.